అద్దంతో తగువు

సెలూన్ బాబాయికి తన షాపులో రెండంటే మహా గర్వం. ఒకటి గోడ పొడుగునా ఉన్న అద్దం. రెండోది కూతురు. అద్దాన్ని మెచ్చుకోని మనిషి లేడు. కూతురు కటింగ్ చేసే కుర్చీలో మాత్రం ఇష్టపడి కూర్చున్న మనిషి లేడు.

ఎవరైనా మొహమాటానికి కూర్చున్నా, అద్దంలోంచి ఆమె చేతిలో కత్తెరని కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తూ ఉండేవాళ్ళు. అది చెవి దగ్గరికొచ్చిందంటే చాలు, మెడ ముడుచుకునేవాళ్ళు. తల అలా ఆడిస్తుంటే కటింగ్ ఎవరికి కుదురుతుంది? కుదరకపోతే తప్పు మళ్ళీ పిల్లదే.

"వచ్చే నెలాఖరుదాకా చూస్తాను నాన్నా," అంది ఆమె ఒకరోజు తువ్వాళ్ళు మడతపెడుతూ. "తర్వాత ఆ ఆడవాళ్ళ పార్లర్లో చేరిపోతాను. ఎప్పట్నుంచో పిలుస్తున్నారు."

బాబాయి ఖాళీగా ఉన్న ఆమె కుర్చీని ఓసారి తుడిచాడు. తన తర్వాత ఈ షాపుని నిలబెట్టే చెయ్యి అదొక్కటేనని అతనికి తెలుసు. తెలిసి ఏం లాభం, ఊళ్ళోవాళ్ళ తలలు పట్టుకొచ్చి కూర్చోబెట్టలేడు కదా.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక తేనెపిట్ట వచ్చి, షాపు ముందు రేకు కింద వేలాడే పాత వైరుకి గూడు మొదలెట్టింది.

కట్టింది ఆడది ఒక్కతే. పిడికిట్లో దాగేంత పిట్ట. సాలెగూటి పోగులు తెచ్చి వైరుకి చుట్టింది. ఎండుగడ్డి, బెరడు ముక్కలు, ఎండిన ఆకుల తునకలు ఆ పోగుల్తోనే అతికించింది. చూసేవాళ్ళకి గాలికి చిక్కుకున్న చెత్తలా ఉండేది. అందులోనే ఉంది దాని తెలివంతా. పక్కన చిన్న గుమ్మం, వాన పడకుండా గుమ్మం మీద చూరు కూడా దించింది. లోపల పరుపుకి మాత్రం ఎక్కడికీ పోలేదు, షాపు గడప దగ్గర వాలి, రాలిన జుట్టు ఏరుకుపోయింది.

"తెల్ల వెంట్రుక కూడా వదలట్లేదండీ. మన షాపులో ఏదీ వృథా పోదు," అని బాబాయి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. బూజుకర్రని అటకెక్కించేశాడు. సాలెగూళ్ళ జోలికి ఎవరూ పోకూడదని ఆర్డరు కూడా వేశాడు.

మగపిట్ట సంగతి వేరు. నీడలో నల్లగా ఉంటుంది, ఎండ తగిలితే ఒళ్ళంతా నీలం, ఊదా మెరుపులే. గూటికి ఒక్క పోగు తెచ్చిన పాపాన పోలేదు. ఎదురింటి మందారపూల అడుగున ముక్కుతో పొడిచి తేనె తాగడం, తీగమీద కూర్చుని పాడటం, ఇంకో మగపిట్ట కనిపిస్తే వీధి చివరిదాకా తరమడం, ఇదీ దాని దినచర్య. ఆడది రెండు గుడ్లు పెట్టి ఒంటరిగా పొదుగుతున్నా అదే వరస.

"అల్లుడుగారి హోదా," అనేవాడు బాబాయి.

పిల్లలు బయటపడ్డాక అల్లుడుగారికీ పని తప్పలేదు. తేనెపిట్ట పిల్లలైనా తేనెతో ఎదగవు. వాటికి సాలీళ్ళు కావాలి, మెత్తటి పురుగులు కావాలి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మోసుకొస్తేనే అవి సరిపోతాయి. మగది బుద్ధిగానే మొదలెట్టింది. ఒకరోజు సాలీడు కోసం షాపులోకి దూరి, అద్దంలో ఇంకో మగపిట్టని చూసింది. అంతే, మేత మర్చిపోయింది.

పొద్దున షట్టరెత్తడం ఆలస్యం, అద్దంతో తగువు. ముక్కుతో పొడిచేది, రెక్కలతో కొట్టేది, అలిసిపోయి కుర్చీ మీద కూలబడేది, మళ్ళీ లేచేది. లోపలి పిట్ట ఒక్క అడుగు వెనక్కి వేస్తేగా. ఇక్కడ ఆడది ఒక్కతే తిరిగి తిరిగి రెక్కలు వేలాడేసింది. గూటి గుమ్మంలో ఎర్రటి నోళ్ళు రెండుండేవి, రెండో నోరు సరిగ్గా తెరుచుకోవడం మానేసింది.

అమ్మాయి ఇంట్లోంచి దుప్పటి తెచ్చి అద్దం మొత్తానికి కట్టేసింది. బాబాయి ఒంటికాలి మీద లేచాడు.

"అద్దం లేని సెలూనేంటే? జనం నవ్విపోతారు."

"పిల్లలు ఎగిరేదాకేగా నాన్నా."

"వచ్చినవాళ్ళు ఎటు చూస్తూ కూర్చోవాలి?"

"గూడు చూస్తారు," అంటూ ఆమె రెండు కుర్చీలూ వీధివైపు తిప్పేసింది.

మధ్యాహ్నానికల్లా మగపిట్ట సాలీడుని ముక్కున కరుచుకుని గూటికి వేలాడుతోంది. అది చూశాక బాబాయి జారిన దుప్పటిని తనే సర్దాడు.

ఆ సాయంత్రం ఎదురు స్టూడియో ఫొటోగ్రాఫరు వచ్చాడు. జుట్టు విషయంలో అంత చాదస్తపు మనిషి ఇంకోడు ఉండడు. అలవాటుగా బాబాయి కుర్చీలోనే కూర్చున్నాడు. బాబాయి కత్తెర ఆడించి, రెండు వైపులా సమంగా వచ్చిందా అని తలెత్తాడు. ఎదురుగా వీధి ఉంది, అద్దం లేదు.

ఇన్నేళ్ళూ తన కన్ను అద్దంలో ఉందన్న సంగతి బాబాయికి అప్పుడు తెలిసింది. కుడివైపు పొడుగనిపించి కాస్త తగ్గించాడు. ఇప్పుడు ఎడమవైపు పొడుగైంది. అది తగ్గిస్తే మళ్ళీ కుడివైపు. నుదుటి మీద చెమట పట్టింది. ఫొటోగ్రాఫరు గూటికేసి చూస్తూ కూర్చున్నాడు, పాపం అతనికేమీ తెలియదు. దువ్వి దాచేసి పంపించెయ్యొచ్చు. కానీ చెడిన తల తన షాపు గడప దాటడం బాబాయికి నచ్చదు.

"ఇక్కడ నా చెయ్యి కుదరలేదు సార్," అన్నాడు. "మా అమ్మాయి సరిచేస్తుంది."

ఫొటోగ్రాఫరు సగం లేచాడు. "అమ్మాయా?"

"కదలకండి సార్. పిట్ట మేత పెడుతోంది, బెదిరిపోద్ది," అంది అమ్మాయి నెమ్మదిగా.

అతను ఉన్నచోటే బిగుసుకుపోయాడు. కత్తెర కనిపించడం లేదు కనక మెడ ముడుచుకోవడం కూడా మర్చిపోయాడు. ఆమె రెండు కణతల మీదా వేళ్ళుంచి, వేళ్ళ సందుల్లో జుట్టు పొడుగు కొలుచుకుంది. చిన్నప్పట్నుంచీ పెరట్లో ఇరుగుపొరుగు పిల్లల తలలమీద నేర్చుకున్న పని అది. పెరట్లో అద్దమెక్కడిది? కత్తెర చప్పుడు ఒకే తీరున సాగిపోయింది. బాబాయి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. తను నేర్పనిది కూడా ఆ చేతిలో ఉంది.

అయిపోగానే ఫొటోగ్రాఫరు దుప్పటి మూల ఎత్తి, అద్దంలో ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. చెవుల వెనక తడిమి చూసుకున్నాడు.

"బాబాయ్, ఇన్నేళ్ళూ ఈ తల నీ చేతిలో పెట్టాను," అన్నాడు చివరికి. "ఇకనుంచి అమ్మాయి చేతిలో పెడతాను. ఏమీ అనుకోకు."

బాబాయికి రోషం రావాలి. రాలేదు. వచ్చింది ఉత్త సంతోషమే. తన భుజం మీది తువ్వాలు తీసి కూతురి భుజం మీద వేశాడు.

ఫొటోగ్రాఫరు తల వీధంతా తిరిగింది, చూసినవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చారు. పిట్టపిల్లలు రెండూ ఎగిరిపోయాయి. మగపిట్ట జతకట్టే కాలం అయిపోయి మెరుపుల ఈకలన్నీ రాల్చేసుకుని, గొంతు కింద ఒక్క నల్లచారతో ఆడదానిలాగే తిరుగుతోంది. అద్దం మీద దుప్పటి తీసేశారు. ఇప్పుడు అమ్మాయి కుర్చీలో ఎవరూ మెడ ముడుచుకోవడం లేదు. నెలాఖరున పార్లర్ వాళ్ళు ఫోన్ చేస్తే, తీరిక లేదని పెట్టేసింది.

ఒక ఆదివారం కొత్తగా ఎవరో ఒకాయన వచ్చాడు. బెంచీ నిండా జనం. బాబాయి కుర్చీ ఖాళీ. పక్కనే నిలబడ్డ బాబాయి నెరిసిన తలని చూసి, ఆయన నేరుగా అటే నడిచాడు.

"మీరే కదండీ ఓనరు? ఖాళీగానే ఉన్నారుగా, కానివ్వండి."

"కానిస్తాను. కానీ కాస్త ఆగితే ఓనరమ్మే ఖాళీ అవుతుంది," అన్నాడు బాబాయి, కూతురికి వినపడేలా. "నేను ఇక్కడ పనివాణ్ణి."

ఆయన వెళ్ళి బెంచీ చివర కూర్చున్నాడు.