గడగడలాడిన పెడలు

కారు ముందద్దం మీద ఎండిపోయిన చేపనీళ్ల చుక్కల్ని తడిగుడ్డతో తుడుస్తున్నాను. మా మండవల్లి వైపు కారున్న ప్రతి ఇంట్లోనూ పొద్దున్నే ఎవరో ఒకరికి ఈ పని తప్పదు. ఐసు వేసుకుని వెళ్లే చేపల వ్యాన్లు దారి పొడుగునా నీళ్లు కారుస్తూ పోతాయి, వెనకొచ్చేవాళ్ల మీద చిందిస్తాయి. అద్దం అయ్యాక బానెట్, ఆ తర్వాత సొట్టపోయిన బంపర్. అక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

మూడు రోజుల క్రితం దెందులూరు దగ్గర పడింది ఆ సొట్ట. నాన్న నడుపుతున్నారు. నేను పక్కన, అమ్మ వెనక సీట్లో. స్పీడు బ్రేకర్ దగ్గర ముందున్న చేపల వ్యాను ఆగింది. నాన్న బ్రేకు తొక్కారు. తడి రోడ్డు మీద కారు ఆగీ ఆగకుండా వెళ్లి వ్యాను వెనక తగిలింది. ఒక లైటు పగిలింది, బంపర్ లోపలికి పోయింది, అంతే. బెల్టు పెట్టుకోని అమ్మ నుదురు మాత్రం ముందు సీటుకి కొట్టుకుని బొప్పి కట్టింది.

ఆ రోజు నుంచి నాన్న కనిపించినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నారు. "కొత్త కారన్న మాటేగానీ బ్రేకుల్లేవండి. తొక్కగానే పెడలు గడగడలాడిపోయింది. మా ఆవిడ తల పగలాల్సింది."

అమ్మేద్దామని తేల్చేశారు. తాడేపల్లిగూడెంలో పాత కార్లు కొనే అబ్బాయిరాజుగారు ఇవాళ పది గంటలకి వస్తానన్నారు.

సోమవారం నుంచి నాకు గణపవరంలో ఉద్యోగం. చెరువు నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్. ఊరూరా తిరిగి నీళ్లు పట్టి తేవాలి గనక, సొంత కారుండి నడపడం వచ్చినవాళ్లే కావాలన్నారు. కారు పోతే ఉద్యోగమూ పోతుంది. ఆ సంగతి నాన్నకీ తెలుసు. "ఉద్యోగం ఇంకోటి వస్తుందమ్మా, ప్రాణం వస్తుందా?" అన్నారు.

కానీ ఆ రోజు నేనొకటి చూశాను. వ్యాను దగ్గరికి వస్తున్నప్పుడు నా చూపు నాన్న కాలి మీద ఉంది. తొక్కారు, ఎత్తారు. తొక్కారు, ఎత్తారు. మూడుసార్లు. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు ధాన్యం లారీ నడిపారాయన. ఒకేసారి అదిమితే చక్రాలు బిగుసుకుని బండి జారుతుందని, కొట్టి కొట్టి తొక్కాలని అక్కడ నేర్చుకున్నారు. నాకూ అదే నేర్పారు.

మర్నాడు మధ్యాహ్నం కారు అరలోంచి, కారుతోపాటు ఇచ్చిన పుస్తకం తీశాను. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా ఎవరూ విప్పలేదు. ఇంగ్లీషు నాకు నిదానంగా ఎక్కుతుంది, అందుకే రెండుసార్లు చదివాను. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండికి గట్టిగా తొక్కి అలాగే పట్టి ఉంచాలి, పెడలు అదురుతుంది, అది పనిచేస్తోందనడానికి గుర్తు, కాలు ఎత్తకూడదు అని ఉంది.

నాన్నకి చెబితే నవ్వారు. "అది రాసినవాడు మన చేపనీళ్ల రోడ్ల మీద నడిపాడటమ్మా?"

పది కాకుండానే అబ్బాయిరాజుగారు మోటార్ సైకిలు దిగారు. బంపర్ చూసి పెదవి విరిచారు. "పెడలు గడగడలాడిందంటే ఇంకేం మిగిలిందండీ? మీ మొహం చూసి తీసుకెళ్తున్నాను గానీ ఎవరికి అంటగట్టాలో నాకే తెలీదు."

నేను గుడ్డ భుజాన వేసుకున్నాను. "నాన్నా, ఇచ్చేముందు ఒక్కసారి చూడండి. నేను చెప్పింది తప్పయితే తాళం నేనే ఆయన చేతిలో పెడతాను."

నా గొంతు అంత గట్టిగా వినపడటం అరుదు. అమ్మ వంటింట్లోంచి వచ్చేసింది. "ఒక్కసారేగా, వెళ్దాం పదండి" అంది.

ముందురోజే మా చెరువులో చేపలు పట్టారు. గట్టు మీద తూకం వేసే కాటా దగ్గర సిమెంటు దారంతా చేపల జిగురుతో నున్నగా ఉంది. ఖాళీ మేత సంచుల్లో గడ్డి కూరి అడ్డంగా నిలబెట్టాను. వాటికి ఇవతల, బ్రేకు తొక్కాల్సినచోట, చెరువులో చల్లే సున్నంతో గీత గీశాను.

ముందు నాన్న. నలభై స్పీడులో వచ్చి, గీత దగ్గర తనకలవాటైనట్టే కొట్టి కొట్టి తొక్కారు. సంచులు ఎగిరిపడ్డాయి. ఒకటి బానెట్ ఎక్కి కూర్చుంది.

"చూశారాండీ!" అన్నారు అబ్బాయిరాజుగారు హుషారుగా.

"రెండో లైటు మిగిలింది, నయం" అంది అమ్మ.

సంచులు సర్ది నేను కూర్చున్నాను. నాన్న పక్కన, అమ్మ వెనక. వెనక నుంచి క్లిక్కుమని చప్పుడైంది. అమ్మ బెల్టు పెట్టుకుంది. నలభై. సున్నం గీత. తొక్కాను.

అరికాలి కింద కొర్రమీను కొట్టుకున్నట్టు పెడలు కొట్టుకుంది. ఎత్తెయ్యి, ఎత్తెయ్యి అంది లోపల భయం. ఎత్తలేదు. బెల్టు గుండెకి బిగిసింది. కారు ఆగింది.

నాన్న దిగి, బంపర్‌కీ సంచులకీ మధ్య అడుగులో అడుగు వేసి కొలిచారు. ఆరడుగులు. తిరిగొచ్చి "మళ్లీ" అన్నారు. మళ్లీ తొక్కాను. ఈసారి ఏడు.

"లే, నేను చూస్తాను."

నాన్న స్టీరింగు పట్టుకున్నారు. గీత రాగానే "ఎత్తకండీ, ఎత్తకండీ!" అని అమ్మ వెనక నుంచి ఒకటే అరుపు. ఆయన ఎత్తలేదు. కారు సంచులు ముట్టకుండా నిలబడింది. క్షణం ఆగి, నాన్న పగలబడి నవ్వారు. నాలుగుసార్లు నడిపారు. నాలుగోసారి ఎవరూ అరవక్కర్లేకపోయింది.

"ఇదంతా మీకు తెలీదా అబ్బాయిరాజుగారూ, తెలిసే ఊరుకున్నారా?" అన్నారు నాన్న కారు దిగుతూ.

"అబ్బే, అదేంటండీ..." ఆయన ఫోను చూసుకుంటూ మోటార్ సైకిలు వైపు నడిచారు. ఆయన వెళ్లిపోయినా బండి పొగ మాత్రం గట్టు మీద కాసేపు ఉంది.

సోమవారం పొద్దున ఇడ్లీ పళ్లెం పక్కన కారు తాళం ఉంది. నాన్న కుర్చీలో కళ్లజోడు పెట్టుకుని ఆ పుస్తకమే తిరగేస్తున్నారు. అమ్మ నుదుటి బొప్పి దాదాపు తగ్గింది. నాకు చట్నీ వేస్తూ ఆయన వైపు తిరిగింది.

"ఏవండీ, బ్రేకుల్లేవని ఊరంతా చెప్పొచ్చారుగా. ఇప్పుడు ఉన్నాయని ఎవరు చెబుతారు? నేను వెళ్లాలా?"

నాన్న పుస్తకం మూశారు. చెప్పులేసుకుని, దాన్ని చంకలో పెట్టుకుని టీ కొట్టు వైపు బయల్దేరారు.