రెండో సిలిండర్ దమ్ము

మెకానిక్ జబ్బార్ చేతిలోని పానా మీంచి కొండల్ చూపు తిప్పలేదు. పొద్దుటినుంచి షెడ్డులో పీట వేసుకుని కూర్చున్నాడు. ఛాయ్‌కి పిలిచినా లేవలేదు. ఛాయ్ తాగి వచ్చేలోపు కారులో ఇంజనే ఉంటుందో ఉండదో ఎవరికెరుక?

దుబాయ్ నుంచి వచ్చినాక అతనికి కూడు పెడుతున్నది ఆ కారే. మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్‌కి పోయేవాళ్లను హైదరాబాదు విమానాశ్రయంలో దింపి వస్తాడు. ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కితే కొత్త వాల్వులు కొనిచ్చాడు, జబ్బార్ ఇంజన్ పైమూత, అదే హెడ్డు, విప్పి వాటిని బిగించాడు. నెల తిరక్కుండానే కారు చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. కొత్తవి దాచుకుని పాతవే బిగించి ఉంటాడని కొండల్ అనుమానం. అనుమానాన్ని కడుపులో దాచుకునే రకం కాదు, టాక్సీ అడ్డా అంతా చాటాడు.

అందుకే అడ్డా పెద్ద లింబాద్రి కూడా ఇవాళ షెడ్డుకు వచ్చాడు.

"మాల్ మార్చినవని తేలితే మా అడ్డా బండి ఒక్కటి గూడ నీ షెడ్డుకు రాదు, జబ్బార్ భాయ్" అన్నాడు.

అడ్డా బండ్లు రాకపోతే ఆ షెడ్డుకు తాళం పడ్డట్టే. జబ్బార్ మొహం చిన్నబోయింది. "విప్పి సూపెడ్త అన్నా. మీ ముంగటనే."

ప్లగ్గులన్నీ ఊడదీసి, ఒక్కో రంధ్రంలో గేజి బిగించి ఇంజన్ తిప్పాడు. పిస్టన్ గాలిని ఎంత గట్టిగా అదుముతోందో ఆ ముల్లు చెబుతుంది. మూడు సిలిండర్లకు ముల్లు బాగానే లేచింది. రెండో సిలిండర్ దగ్గర సగం దాకా పోయి చతికిలబడింది.

"గీండ్ల దమ్ము లేదు" అంటూ జబ్బార్ ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోశాడు. "పిస్టన్ రింగులు అరిగుంటే గీ నూనె సందులు మూస్తది, ముల్లు లేస్తది."

ముల్లు లేవలేదు. రింగులు కావన్నమాట. ఈసారి ఆ పిస్టన్‌ను పైకి తెచ్చి, రంధ్రంలోకి గాలి పైపు పెట్టాడు.

"సైలెన్సర్ కాడ చెవి పెట్టు తమ్మీ."

కొండల్ కదల్లేదు. తనను వెనక్కి పంపి ముందర ఏం మాయ చేస్తాడో. "లింబాద్రన్న పెడ్తడు. నేనిక్కడ్నే ఉంట."

లింబాద్రి వంగి విన్నాడు. "బుస్సుమంటుంది భాయ్."

"పొగ పోయే వాల్వు మూస్కుంటలేదు."

వాల్వు! దొంగ తన నోటితోనే చెప్పాడని కొండల్ సంబరపడ్డాడు. అతని దగ్గర ఎవరికీ తెలియని రుజువు ఒకటుంది.

దుబాయ్ క్యాంపులో ఒక్క గదిలో పదిమంది ఉండేవారు. పళ్లెం, బకెట్టు, చెంబు, దేనిమీదైనా మేకుతో గుర్తు గీసుకోకపోతే తెల్లారేసరికి అది ఇంకొకరిది. కొండల్ గుర్తు ఇంటూ. ఊరికి వచ్చినా ఆ అలవాటు పోలేదు, ఇప్పుడు చేతిలో ఉన్న స్టీలు సీసా మీద కూడా అదే ఉంది. హెడ్డు పనినాడు శుక్రవారం. జబ్బార్ వాల్వులు అరగదీసి, సరిచూసి, బట్ట మీద పేర్చి, "జర సూస్తుండు తమ్మీ, నమాజుకు పోయొస్త" అని షెడ్డంతా వదిలేసి పోయాడు. కొండల్ ఆకురాయి అందుకుని ఒక్కోదాని మీద ఇంటూ గీశాడు. చివరిదాని దగ్గర చెప్పుల చప్పుడు వినిపిస్తే గబగబా కానిచ్చేశాడు. జబ్బార్ కూడా, తను సరిచూసినవే కదా అని మళ్లీ చూడకుండా బిగించాడు.

పొద్దు నడినెత్తికెక్కేసరికి హెడ్డు కిందికి దిగింది. జబ్బార్ వాల్వులు ఒక్కొక్కటే తీసి పెడుతుంటే కొండల్ వంగి చూశాడు. మొదటిదాని మీద ఇంటూ ఉంది. పక్కదాని మీదా ఉంది. అన్నీ తను కొనిచ్చినవే. నిజం చెప్పాలంటే, ఆ గుర్తులు లేకపోతేనే బాగుండుననిపించింది అతనికి.

రెండో సిలిండర్ వాల్వు జబ్బార్ చేతిలో ఉంది. దాని అంచు ఒక పక్క కాలి, ఎలుక కొరికినట్టుంది.

"గీ అంచు వాల్వు కూసునే సీటుకు అతుక్కోవాలె అన్నా. ఎవరో ఆకురాయితోని అంచుదాంక గీసిండ్రు. గా సందుల కెల్లి మంట దూరి కాల్చింది."

"ఎవరో అంటే?" లింబాద్రి గొంతు పెరిగింది. "నీ షెడ్డుల నువ్వు గాక ఇంకెవరు గీస్తరు భాయ్?"

జబ్బార్ వాల్వును అటూ ఇటూ తిప్పాడు. మిగతావాటిని చూశాడు. తర్వాత అతని చూపు కొండల్ చేతిలోని సీసా మీది ఇంటూ దగ్గర ఆగింది. చూపు తిప్పుకుని వాల్వును బట్ట మీద పెట్టాడు.

కొండల్ సీసాను వీపు వెనక్కి జరిపాడు. ఊరుకుంటే సరిపోతుంది, అడ్డా తన మాటే నమ్ముతుంది. కానీ షెడ్డంతా వదిలేసి నమాజుకు పోయిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. కొండల్ సీసాను మళ్లీ ముందుకు తెచ్చాడు.

"నేనే గీసిన అన్నా" అన్నాడు. "జుమ్మా నాడు. భాయ్ లేనప్పుడు."

లింబాద్రి అతనివైపు తిరిగాడు. "అడ్డా అంత చాటినవు గద. గీ ముచ్చట గూడ నువ్వే పోయి చెప్పు."

జబ్బార్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "గుర్తు పెట్టుకోవాల్నని నన్నడిగితే అయిపోవు తమ్మీ. ఏడ గీయాల్నో నేనే సూపెడ్తుంటి."

కొండల్ పీట మీంచి లేచాడు. కారు బానెట్ ఎత్తి ఉంది, ఇంజన్ ముక్కలన్నీ నేలమీద పరిచి ఉన్నాయి. వాటిని అలాగే వదిలి, వెనక్కి చూడకుండా అడ్డా వైపు నడిచాడు.