ఎనిమిదింటి రింగులు

పెళ్లయి పన్నెండు రోజులు. ఆయన టీ కలిపి ఇస్తే, తాగకుండా గ్లాసు వంక చూసి నవ్వుకునే రోజులవి.

కొత్తపేటలో మా అద్దె వాటాలో రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఆయన సెల్‌ఫోను మోగేది. ఒక్క రింగు, ఆగిపోయేది. వెంటనే ఇంకోటి. తెర మీద మందారం, సన్నజాజి, చేమంతి అని పేర్లు.

"ఎవరండీ ఈ పూలన్నీ?" అన్నాను, కాస్త అసూయగానే.

ఆయన ఆస్పత్రిలో హెచ్‌ఐవీ కౌన్సెలరు. "అందరూ పద్ధెనిమిదీ ఇరవయ్యేళ్ల పిల్లలే. మందు వేసుకోగానే మిస్డ్‌కాల్ ఇస్తారు. బాలెన్సు పోదు, ఇంట్లోవాళ్లకి అనుమానం రాదు. అసలు పేర్లు మాత్రం అడక్కు."

కాలేజీ రోజుల్లో బస్సెక్కానని చెప్పడానికి మేమూ ఇచ్చేవాళ్లం మిస్డ్‌కాల్స్. ఆ చిన్న మోతలో ఒకరి ప్రాణం ఉంటుందని నాకేం తెలుసు? ఆ ఉదయం పదమూడు రింగులూ లెక్కపెట్టి విన్నాను.

మర్నాడు ఆయన స్నానంలో ఉండగా 'నందివర్ధనం' మోగింది. ముచ్చటేసి, చెయ్యి ఊరుకోక ఎత్తేశాను.

"మందేసుకున్నారా అండీ?"

అవతల ఊపిరి చప్పుడు. కట్.

ఆ తర్వాత రెండు రోజులు నందివర్ధనం మోగలేదు. ఆయన చేస్తే స్విచ్చాఫ్. నేనెత్తిన సంగతి అప్పుడు చెప్పాను.

"ఇంకెవరికో చెప్పేసేననుకుని ఉంటాడు," అన్నారు. "ఎంతో బతిమాలి మొదలెట్టించేను. మానేస్తే మందు పనిచెయ్యడం మానేస్తుంది."

"ఇంటికెళ్లి చెప్పొచ్చు కదండీ?"

"ఆస్పత్రోళ్లు గుమ్మంలోకొచ్చేరంటే వీధంతా తెలిసిపోద్ది."

నేనే ఆయన ఫోను తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూర్చాను. 'మొన్న ఎత్తింది నేను, సార్ భార్యని. తప్పు నాదేనండి. మీ పేరూ ఊరూ నాకు తెలీవు, అడగను. మందు మానకండి.' ఆయన రెండుసార్లు చదివి పంపించారు.

మర్నాడు పన్నెండు రింగులే వచ్చాయి. ఎనిమిదింపావు దాటింది. టీ చల్లారిపోయింది. అప్పుడు నందివర్ధనం మోగింది. ఒకటి, రెండు, మూడు. ఆగలేదు. నేను చేతులు వెనక్కి లాక్కున్నాను.

"ఎత్తు. మాట్లాడాలనే చేస్తున్నాడు," అన్నారు ఆయన.

"అక్కా, ఇప్పుడే వేసుకున్నానండి," అంది లేత గొంతు. "మజ్జిలో రెండ్రోజులు పోయిందండి. పర్లేదా అండి?"

"ఆయ్, సార్‌ని అడుగుదురుగాని. ఇస్తున్నానండి."

ఫోను ఆయన చేతికిచ్చి, మాటలు వినపడనంత దూరం దొడ్లోకి వచ్చేశాను. ఏ కాలవ గట్టునున్నాడో, ఏ మూల దాక్కుని మాట్లాడుతున్నాడో. కొబ్బరిచెట్ల కింద అలాగే నిలబడిపోయాను.