అత్తగారి కోసం కుట్టిన పాస్తా

టైలరుకి వాళ్ళ అత్తగారు పెట్టిన షరతు ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం తన ఎనభయ్యో పుట్టినరోజు భోజనానికి అల్లుడు తన చేత్తో దిండు పాస్తా చేసిపెట్టాలి. పిండిని పల్చగా వత్తి, మధ్యలో పాలకూర ముద్ద పెట్టి, నాలుగువైపులా మూసి, నీళ్ళలో ఉడకబెట్టే ఆ చిన్న చిన్న దిండ్లు ప్రతి పుట్టినరోజుకీ కూతురు చేసిపెట్టేది. కూతురు పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ఇరవై నాలుగు దిండ్లు అల్లుడు చేయాలి. ఒక్కటి కూడా నీళ్ళలో విచ్చుకోకూడదు. విచ్చుకోకపోతే ఆవిడ నాలుగో అంతస్తులోని తన గది వదిలేసి అల్లుడింటికి వచ్చేస్తుంది. ఒక్కటి విచ్చుకున్నా ఆ ప్రస్తావన ఇక జన్మలో ఎత్తకూడదు.

"ఒక పూట సరైన వంట చేయలేని ఇంట్లో నేనుండను," అంది ఫోన్లో. "సింకు దగ్గర నిలబడి బ్రెడ్డు తినే మనిషితో అసలుండను."

ఆవిడకెలా తెలిసిందో టైలరుకి అర్థం కాలేదు. ఆ మాట వింటున్నప్పుడు కూడా అతను సింకు దగ్గరే నిలబడి ఉన్నాడు, చేతిలో బ్రెడ్డుతో.

ఆవిడ రావాలని అతనికి మనసారా ఉంది. ఆ నాలుగంతస్తులకీ లిఫ్టు లేదు. ఈ ఏడాది రెండుసార్లు మెట్ల మీద పడింది. ఆవిడ లెక్కలో అది పడడం కాదు, "మెట్టు మీద కాస్త తొందరగా కూర్చున్నాను" అంటుంది. ఇతనిదేమో నేల మీది ఇల్లు. ముందుగది షాపు, వెనకగదిలో పొద్దున్నే ఎండ. అదొక్కటే కాదు. భార్య గురించి మాట్లాడదామంటే అతనికి తోడు దొరకడం లేదు. ఆ మాటెత్తగానే అందరూ పాపం, జాలిపడి మాట మార్చేస్తారు. అత్తగారొక్కతే, "అదంతే, ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చి, నేను తిట్టానని వీధంతా చెప్పుకొచ్చేది" అని మామూలుగా నవ్వుతూ అనగలదు.

ఆదివారం ఉదయం ఏడింటికల్లా బావమరిది దిగాడు. అతను ప్లంబరు. భుజాన పనిముట్ల సంచి వేలాడుతోంది.

"సంచెందుకురా?"

"నీళ్ళన్నావు, లీకవకూడదన్నావు. సంచి లేకుండా ఎలా వస్తాను బావా?"

టైలరు అప్పటికే మైదాలో గుడ్లు కొట్టి, కలిపి, ముద్దని తడిగుడ్డ కింద పడుకోబెట్టాడు. షాపులో బట్ట కత్తిరించే బల్లని మూడుసార్లు తుడిచి, దాని మీద పిండి వత్తాడు. ఖాకీ కాగితంతో రెండంగుళాల చదరాలు ముందే కత్తిరించి పెట్టుకున్నాడు. చుట్టూ పావంగుళం కుట్టుకి వదిలాడు. ఒక కాగితం మీద 'ముందు భాగం' అనీ ఇంకోదాని మీద 'వెనక భాగం' అనీ రాసి ఉంది.

ప్లంబరు ఆ కాగితాలు తిరగేసి చూశాడు. "ఏది ముందో ఏది వెనకో దానికెలా తెలుస్తుంది?"

"దానికి తెలియక్కర్లేదు. నాకు తెలిస్తే చాలు."

ముందు ఆరు చేసి చూశారు. రెండు నిమిషాల్లో నాలుగు నోళ్ళు తెరిచాయి. నీళ్ళు పచ్చబడ్డాయి. ప్లంబరు టార్చి వేసి గిన్నెలోకి చాలాసేపు చూశాడు. తర్వాత కొత్తగా ఒకటి మూసి, ఉడకబెట్టకుండానే బకెట్లో ముంచి వేలితో నొక్కాడు. బుడగొచ్చింది.

"గాలి," అన్నాడు, రోగం పట్టుకున్నవాడిలా. "లోపల గాలి ఉంది. వేడెక్కితే ఊరుకుంటుందా?" సంచిలోంచి పైపు మరల మీద చుట్టే తెల్లటేపు తీశాడు. "దీన్ని రెండు చుట్లు వేశామంటే..."

"అది తినే వస్తువా?"

"కాదు. కానీ లీకవదు."

టేపు సంచిలోకి వెళ్ళిపోయింది. ఈసారి గాలి లేకుండా చుట్టూ నొక్కి, అంచులు తడిచేసి, ఫోర్కుతో అదిమారు. ఆరింటిలో రెండు విచ్చుకున్నాయి.

"మూడోవంతు," అన్నాడు ప్లంబరు. "పైపులైతే ఈపాటికి కింద వాటావాళ్ళు పైకొచ్చి తిడుతూ ఉండేవాళ్ళు."

టైమ్ పది. మిగిలిన పిండి సరిగ్గా ఇరవై నాలుగుకి వస్తుంది. గుడ్లు లేవు. ఆలోచనలో పడ్డప్పుడల్లా టైలరు చెయ్యి చొక్కా జేబు అంచుకి గుచ్చుకున్న సూది మీదికి పోతుంది. ఇప్పుడూ పోయింది. అక్కడే ఆగింది.

బావమరిది చూశాడు. "బావా. వద్దు."

"అంచు మీదేరా. కోటు కుట్టేటప్పుడు ముందు దూరం కుట్లు వేస్తాం, పనయ్యాక లాగేస్తాం. ఉడికాక దారం లాగేద్దాం. అత్తయ్య వచ్చేసరికి దారమూ ఉండదు, మనమేం చేశామో తెలియనూ తెలియదు."

సూదిని పది నిమిషాలు మరగబెట్టాడు. దారాల సొరుగు తెరిచాడు. అందులో తెలుపులే పదకొండు రకాలు. ఒక్కో ఉండనీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పిండి పక్కన పెట్టి చూశాడు. ఒకటి మరీ తెల్లనిది, ఒకటి పచ్చదనం ఎక్కువ. చివరికి ముదురు మీగడ రంగు అతికినట్టు సరిపోయింది. జానెడు పొడవున ఇరవై నాలుగు దారాలు కత్తిరించి, వాటినీ మరగబెట్టాడు. దిండుకొకటి.

రెండు గంటలు కుట్టాడు. ప్లంబరు కళ్ళద్దాలు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించి ఇస్తూ, మధ్యమధ్య పిండి మీద తడిగుడ్డ సర్దుతూ కూర్చున్నాడు. పిండి మంచిది. ఎక్కడా చిరగలేదు, సూది తప్పు దారి పట్టినా ఏమీ అనుకోలేదు. ఆ రెండు గంటలూ షాపు ఫోను మోగలేదు, తలుపెవరూ తట్టలేదు. ఎవరు ఎక్కడ దయతలిచారోగాని, ఇంత ప్రశాంతమైన పొద్దు తనకి దొరికి చాలా కాలమైందని టైలరు అనుకున్నాడు. అతను దూరం కుట్లే వేయాలనుకున్నాడు. చెయ్యి మాత్రం దాని అలవాటు ప్రకారం సన్నటి దగ్గర కుట్లే వేసుకుంటూ పోయింది.

పన్నెండున్నరకి ఇరవై నాలుగూ నీళ్ళలోకి దిగాయి. ఇద్దరూ గిన్నె మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూశారు. దిండ్లు మునిగాయి, తేలాయి, బద్ధకంగా పక్కకి తిరిగాయి. ఒక్కటీ నోరు తెరవలేదు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే గిన్నె అడుగున అచ్చుపడ్డ అక్షరాలు చదవచ్చు.

"ఒక్క చుక్క లీకు లేదు బావా," అని ప్లంబరు చెయ్యి చాపాడు, కొత్త భవనం అప్పగించేటప్పుడు యజమానికి చాపినట్టు. టైలరు ఆ చెయ్యి పట్టుకుని ఊపాడు.

తర్వాత దారం లాగుదామని ఒక దిండు పళ్ళెంలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. పిండి ఉబ్బి, కుట్టుని పూర్తిగా లోపలికి మింగేసింది. దారం కొస కూడా కనపడలేదు.

"ఏ రంగు వేశావు?"

"పిండి రంగు."

ప్లంబరు స్టూలు మీద కూలబడ్డాడు. "లాగేయాల్సిన దారాన్ని కనపడకుండా ఎవరైనా వేస్తారా?"

"కనపడితే అదేం కుట్టురా?"

తలుపు గంట మోగింది. ఒంటిగంటకి ఒక్క నిమిషం తక్కువ.

అత్తగారు ముప్ఫై ఆరేళ్ళు ఆపరేషన్ థియేటర్లో పెద్ద నర్సుగా చేసింది. నడుము ఇప్పటికీ వంగలేదు. తలకిందులుగా వేలాడే చిన్న గడియారం ఇప్పటికీ గుండెల మీద పిన్నుతో పెట్టుకుంటుంది. లోపలికి వస్తూనే సింకు వైపు ఒక చూపు చూసి, బ్రెడ్డు లేదని తేల్చుకుని, బల్ల దగ్గర కూర్చుంది. ఒక్కొక్కరి పళ్ళెంలో ఎనిమిదేసి దిండ్లు వెన్నలో మెరుస్తున్నాయి.

"విచ్చుకోలేదా?"

"లేదత్తయ్యా."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదమ్మా, నేను సాక్షి," అన్నాడు ప్లంబరు.

"నిన్నడగలేదు."

ఆవిడ ఫోర్కు గుచ్చింది. ఎనభయ్యేళ్ళ మనిషి గొంతులో దారం అడ్డంపడితే? "అత్తయ్యా, ఆగండి," అనబోయాడు టైలరు. అవసరం లేకపోయింది. ఆవిడ కత్తితో దిండుని రెండు ముక్కలు చేసింది, కానీ ముక్కలు విడిపోలేదు. ఒకటి ఫోర్కు మీద ఉంది, రెండోది దాని కింద వేలాడుతూ మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది.

ముగ్గురూ దాన్ని చూశారు.

"అల్లుడుగారూ, ఇదేమిటి?"

"మీగడ రంగు దారం అత్తయ్యా. కాటన్."

"ఎన్నింటికి?"

"అన్నింటికీ."

ఆవిడ వేలాడే ముక్కని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది. "మా పెద్ద డాక్టరు కుట్టిన పొట్టలు గోనెసంచుల్లా ఉండేవి," అంది చివరికి. "ఇంత సన్నగా ఆయన జన్మలో వేయలేదు." ఫోర్కు దించింది. "చిన్న కత్తెర, పట్టకారు, తెల్ల పళ్ళెం ఒకటి, మంచి దీపం. ముగ్గురం మోచేతులదాకా చేతులు కడుక్కోవాలి."

కడుక్కున్నారు. ప్లంబరు టార్చి పట్టుకున్నాడు.

"ఎడమకి జరుపు. నీ నీడ పేషెంటు మీద పడుతోంది."

ఆవిడ తలెత్తకుండా అరచెయ్యి చాపితే టైలరు పిడి వైపు నుంచి కత్తెర అందించాడు. ఆవిడ అంచుని మొనతో కొంచెం విప్పి, పట్టకారుతో కొస పట్టుకుని, దారాన్ని మొత్తంగా ఒక్క ఊపులో లాగింది. దిండు చెక్కుచెదరలేదు. దారాన్ని తెల్ల పళ్ళెంలో పరిచి, "తరవాతిది," అంది. పనైన దిండు పనైనట్టే మళ్ళీ వెన్నపెనం మీదికి పోయి, వెచ్చబడి, ఎవరి పళ్ళెంలోదైతే వాళ్ళ నోట్లోకి పోయింది. అలా ఒకరు తింటూ ఒకరు పట్టుకుంటూ ఒకరు కోస్తూ భోజనం సాగింది.

"నువ్వు విచ్చుకోకూడదన్నావు," అన్నాడు ప్లంబరు నములుతూ. "కుట్టకూడదని ఎక్కడా అనలేదు. బావ నెగ్గినట్టే."

"దెబ్బ తగలకముందే కట్టు కట్టుకుని పరీక్షకి వచ్చినవాణ్ణి నెగ్గాడనాలో లేదో ఆలోచించాలి. తినడం అయ్యాక చెప్తాను. నాలుగింటికి నా బస్సు." ఐదోది నోట్లో వేసుకుని ఆవిడ కాసేపు ఆగింది. "జాజికాయ ఎక్కువైంది," అంది. "అదీ ఎక్కువే వేసేది. చెప్తే వినేది కాదు."

టైలరు తల తిప్పుకుని టార్చి వెలుగుని చూస్తూ కూర్చున్నాడు. తన చెయ్యి కూడా భార్య చెయ్యిలాగే తప్పు చేసిందన్న మాట అతనికి వెన్నకంటే కమ్మగా ఉంది.

మూడున్నరకి పళ్ళేలు ఖాళీ అయ్యాయి. అత్తగారు పట్టకారుతో దారాలు ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇరవై మూడు."

"పోనీలెద్దూ అమ్మా."

"ఏది పోనీ? థియేటర్లో పెట్టినవన్నీ బయటికి వచ్చాయని లెక్క తేలేదాకా ఎవరూ గది దాటకూడదు. రక్తం అద్దే గాజుగుడ్డ ఒకటి తగ్గిందని ఆ పెద్ద డాక్టర్ని రెండుంబావు గంటలు నిలబెట్టాను. వెతకండి."

బల్ల కింద వెతికారు. పెనం గీరారు. ప్లంబరు సింకు కింద గొట్టం విప్పి, అందులోంచి పాత బొత్తాం ఒకటి, ఎప్పటిదో చెంచా ఒకటి తీశాడు. దారం మాత్రం లేదు. నాలుగింటి బస్సు వీధి చివర హారను కొట్టి వెళ్ళిపోయింది. అత్తగారు గడియారం వైపు చూడలేదు.

ఐదు దాటాక టైలరు మోచేతిదాకా మడిచిన తన చొక్కా చేతి అంచు చూసుకున్నాడు. దర్జీ బట్టల మీద దారం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అక్కడ వెతకాలని ఎవరికీ తోచలేదు. మీగడ రంగు దారం, జానెడు, పాలకూర పసరుతో, మోచేతి దగ్గర అంటుకుని ఉంది.

అతను బల్ల కిందే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. ఇది చూపిస్తే లెక్క తేలుతుంది. లెక్క తేలితే ఆవిడ తీర్పు చెప్పి ఐదున్నర బస్సెక్కుతుంది. చూపించకపోతే వెతుకులాట సాగుతూనే ఉంటుంది, ఆవిడ ఇక్కడే ఉంటుంది. కానీ అది తన కడుపులోకో కొడుకు కడుపులోకో పోయిందేమోనని రాత్రంతా ఆవిడకి కంటిమీద కునుకుండదు. అతను బల్ల కిందినుంచి లేచి, దారాన్ని తెల్ల పళ్ళెం అంచున పెట్టాడు.

"దొరికిందత్తయ్యా. నా చొక్కాకే ఉంది."

ఆవిడ పట్టకారుతో దాన్ని ఎత్తింది. కిటికీ వెలుగులో పట్టుకుంది. మిగతా దారాల పక్కన పెట్టి కొలిచింది. కొసకి కొస సరిపోయింది. టైలరు చూశాడు. ఆవిడా చూసింది.

"ఇది కాదు," అంది.

"అమ్మా, దానికి పాలకూర కూడా..."

"ఇది పొట్టి. మీ షాపులో ఎక్కడిదో. థియేటర్లో నా లెక్కకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు." దారాన్ని మడిచి, గుండెల మీది గడియారం వెనక పిన్నుకి చుట్టేసింది. "ఒరేయ్, నువ్వు నా గదికెళ్ళి నా మాత్రల డబ్బా, ఇంట్లో వేసుకునే చెప్పులు, కిటికీలో ఉన్న మొక్క పట్రా. మొక్కని పడుకోబెట్టి తేకు."

"ఎవరూ గది దాటకూడదన్నావుగా?"

"ప్లంబర్లు దాటచ్చు."

అతను సంచి భుజాన వేసుకుని, బావ వైపు ఒకసారి చూసి, నవ్వు దాచుకుంటూ వెళ్ళిపోయాడు. అత్తగారు వెనకగది తలుపు తోసి లోపలికి తొంగిచూసింది. మంచాన్ని గోడకి జరపాలంది, ఎండ కళ్ళలో పడుతుందట. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది.

"మీరేంటి నిలబడిపోయారు అల్లుడుగారూ? వెతకండి."

టైలరు మళ్ళీ మోకాళ్ళ మీద బల్ల కిందికి దూరాడు. నేల శుభ్రంగా ఉంది. అక్కడేమీ లేదు.

"ఎడమవైపు చూశారా?" పైనుంచి ఆవిడ గొంతు వినపడింది. "నిదానంగా చూడండి. తొందరేం లేదు."