ఇరవై సెకన్ల మ్యాచ్

సెప్టెంబరు వచ్చిందంటే సెర్బియాలోని నోవీ సాద్‌లో ఏ బాల్కనీ చూసినా ఎర్ర బుంగమిరపకాయలు కాల్చిన పొగే. ఆ శనివారం మధ్యాహ్నం యాస్మింక కాల్చిన కాయలకి తొక్క తీస్తూ కూర్చుంది. తమ్ముడు నెబోయ్ష ల్యాప్‌టాప్ తెరిచి, ముందుజాగ్రత్తగా పెళ్లి ఉంగరం తీసి సాసరులో పెట్టాడు. లేకపోతే జారిపోతుంది. పాత గలాక్సియా కంప్యూటర్‌లా నటించే ఎమ్యులేటర్ మొదలైతే, మీటల మీదున్న చేతులు ఆ కాలం నాటి చేతులైపోతాయి మరి. యాభై ఏళ్ల నెబోయ్ష లావుపాటి ముంజేతుల చివర పదకొండేళ్ల పిల్లాడి చేతులు వచ్చి కూర్చున్నాయి.

"గోళ్లు కొరక్కురా," అంది యాస్మింక.

"ఇవి ఇప్పుడు కొరికినవి కాదక్కా."

"అప్పుడూ చెప్పాను."

1985లో, పదహారేళ్లప్పుడు, యాస్మింక పత్రికలో పటం చూసి ఆ కంప్యూటర్‌ని స్వయంగా టంకం పెట్టి తయారు చేసుకుంది. దాన్యూబ్ నది దాటే పడవ ఆట ఒకటి రాసి, ఆ కాలపు పద్ధతిలో కీచు శబ్దాలుగా క్యాసెట్ మీద దాచుకుంది. బడి కంప్యూటర్ క్లబ్బులో అందరి ముందూ పెడితే అది క్యాసెట్ నుంచి యంత్రంలోకి ఎక్కనే లేదు. "నీకెందుకమ్మాయ్, పోయి జడలు అల్లుకో," అన్నాడు మాస్టారు. అల్లింది. ముప్పై అయిదేళ్లుగా సొంత సెలూన్‌లో ఊరందరికీ అల్లింది. ఇప్పుడు వేళ్ల కణుపులు వాచి కత్తెర పట్టనివ్వడం లేదు. నెలాఖరుకి సెలూన్ మూసేస్తోంది.

అటక మీద ఆ క్యాసెట్ దొరికాక ఒకటే ఆశ. వచ్చే శనివారం సాంస్కృతిక కేంద్రంలో పాత కంప్యూటర్ల ప్రదర్శన ఉంది. అందులో తన పడవ ఒక్కసారి కదలాలి. "ఇవాళా ఎక్కలేదంటే చెత్తబుట్టలో వేస్తా. అప్పుడూ నాకు చేతకాలేదు, అంతే అనుకుంటా," అంది.

ఆట సగం దాకా ఎక్కి ఆగింది. తెర మీద "ఏమిటి?" అని ప్రశ్న. తేడా వస్తే గలాక్సియా అలాగే అడుగుతుంది. మూడు వారాలుగా నెబోయ్షని అదే అడుగుతోంది, పోలీసులా.

"ఈ కొత్త సిస్టంలో శబ్దం ఆలస్యంగా వస్తోందక్కా. అదే బగ్."

"నిన్న వాల్యూమ్ అన్నావు."

"అదీ ఉంది."

"మొన్న ఎడమ తీగ అన్నావు."

"అది... అదీ ఉంది."

"అన్నీ ఉన్నాయి. ఆట ఒక్కటే లేదు."

నెబోయ్ష చెవులు బుంగమిరపకాయల కంటే ఎర్రగా ఉన్నాయి. క్యాసెట్‌ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించిన రోజే హెడ్‌ఫోన్లో విన్నాడు. ప్రోగ్రాం కీచు శబ్దాల మధ్య ఇరవై సెకన్ల పాటు ఫుట్‌బాల్ వ్యాఖ్యాత కేకలు. ఎవరూ దాని మీద రికార్డు చెయ్యకూడదని అక్క క్యాసెట్ మూలనున్న చిన్న బిళ్ల విరిచేస్తే, ఆ కన్నం మీద టేపు ముక్క అంటించి, రేడియోలో గోలు పడగానే రికార్డు మీట నొక్కింది ఈ చేతులే. కంప్యూటర్‌కి తీగ గుచ్చితే టేప్ రికార్డరు స్పీకరు పలకదు కాబట్టి క్లబ్బులో ఆ కేకలు ఎవరూ వినలేదు. క్లబ్బు నుంచి వచ్చిన ఆ సాయంత్రం అక్క గదిలోంచి ఏడుపు మాత్రం నెబోయ్ష విన్నాడు. విని, దుప్పటి ముసుగేశాడు. మూడు వారాలుగా వేస్తున్నదీ ఆ ముసుగే.

"లే, నేను చూస్తా," అంటూ అక్క చేతులు తుడుచుకుంది.

"వద్దక్కా!" అని చెయ్యి అడ్డం పెట్టాడు. ఇన్నాళ్లూ మడిచి దాచిన బొటనవేలు బయటపడింది. దాని కొసన చిన్న టేపు ముక్క, నిన్ననే అంటుకున్నంత తాజాగా.

యాస్మింక దాన్ని చూసింది. క్యాసెట్ తీసి మూలనున్న పసుపుపచ్చ జిగురు మరక చూసింది. తమ్ముడి వేలు పట్టుకుని మరక మీద పెట్టింది. ఇటు అటు వెంట్రుకవాసి తేడా లేదు.

"ఏ మ్యాచ్‌రా?"

అతను తల దించుకుని చెప్పాడు.

"గోలేనా?"

"ఆఫ్‌సైడ్."

ఆమెకి నవ్వొచ్చింది. వచ్చి, సగంలోనే ఆగిపోయింది. "నేనే తప్పు రాశాననుకున్నాన్రా. ముప్పై తొమ్మిదేళ్లు."

నెబోయ్షకి బల్ల కింద దూరాలనిపించింది. పదకొండేళ్ల చేతులు పడతాయి గానీ మిగతా మనిషి పట్టడు. "నేనే చేశానక్కా," అన్నాడు. "తెలిసి కూడా నోరు మూసుకున్నాను. అప్పుడూ, ఇప్పుడూ."

"ఆ మ్యాచ్ కోసిపారేసి, అటూ ఇటూ మిగిలింది ఎక్కించు. ఎక్కించి లే."

అతను అలాగే చేసి లేచాడు. తెర మీద పదేసి అంకెల తేడాతో సాగే ప్రోగ్రాం పంక్తుల్లో 190 తర్వాతిది 370, మధ్యవి మ్యాచ్ కింద పోయాయి. యాస్మింక కుర్చీలో కూర్చుంది. కణుపుల వాపు దిగింది. చూపుడువేలి మీద టంకం కాలిన మచ్చ తేలింది. పదహారేళ్ల వేళ్లు ఆమెని అడక్కుండానే 200 నుంచి 360 దాకా పదిహేడు పంక్తులు టకటకా కొట్టేశాయి.

పడవ కదిలింది. చుక్కల నది మీద తడబడుతూ అవతలి ఒడ్డు చేరింది.

ఇద్దరూ బాల్కనీలోకి వెళ్లి కాఫీ తాగారు. మొదటి గుక్కకే నెబోయ్ష చేతులు యాభైకి వచ్చేశాయి. ఉంగరం సరిపోయింది, టేపు ముక్క రాలిపోయింది. యాస్మింక కప్పు అడుగంటినా ఆమె చేతులు పదహారులోనే ఉన్నాయి.

ఆమె మిరపకాయల పళ్లెం తమ్ముడి ముందుకు తోసింది. "తొక్కలు నువ్వు తియ్యి. చల్లారేదాకా ఆగకు."

అతను వేళ్లు కాల్చుకుంటూ తీశాడు.

ఆట 480 నంబరు పంక్తితో అయిపోయింది. యాస్మింక మళ్లీ కుర్చీ లాక్కుని, 490 అని కొట్టింది.