కోరం లేని రోజు

ఆమె గిన్నెలు తోముతుంటే అత్తగారు వచ్చి, చావు కబురు చల్లగా చెప్పినట్టు చెప్పింది. “మీ మరిది వాళ్లు వచ్చే నెల నుంచి మనింట్లోనే ఉంటారమ్మా. అందరం అనుకున్నాం.”

ఆ అందరిలో తనెప్పుడు కలిసిందో ఆమెకు గుర్తు లేదు. పెళ్లయిన పదహారేళ్లుగా ఇదే వరస. అనుకునేది వాళ్లు, నలుగురికి ఎక్కువ వండేది ఆమె. నోరు విప్పితే గయ్యాళి, విప్పకపోతే ఒప్పుకున్నట్టు. చేతులు తుడుచుకుని ఆఫీసుకు పరిగెత్తింది.

నగర సభలో మినిట్స్ పుస్తకం రాయడం ఆమె ఉద్యోగం. ఎవరొచ్చారు, ఎవరు సరేనన్నారు, ఎవరు కాదన్నారు, అన్నీ అందులోకి ఎక్కాలి. అక్కడా ఒక పాడు అలవాటు పాతుకుపోయింది. రాని సభ్యుల ఇళ్లకు పుస్తకం పంపితే, కాఫీ తాగుతూ, సభకి వచ్చినట్టే సంతకం పడేసేవారు. సంతాప తీర్మానాలే కదా, వీధి పేర్లే కదా అని పన్నెండేళ్లు ఆమె కూడా ఊరుకుంది. ఆ ఊరుకోవడం తలుచుకుంటే ఇవాళ సిగ్గేసింది.

ఇవాళ్టిది వీధి పేరు కాదు మరి. ఇకమీదట అధ్యక్షుడు ఏ ఇల్లు కూల్చినా, ఏ బడి మూసినా సభను అడగక్కర్లేదట! ఇరవై మందిలో పదకొండు మంది ఉంటేనే సభ. వచ్చింది ఆరుగురు.

“ఏకగ్రీవంగా ఆమోదించారని రాసెయ్యమ్మా,” అన్నాడు అధ్యక్షుడు లేస్తూ.

“పదకొండు మంది లేరు కదండీ?”

“నువ్వు రాసేదానివి. అడిగేదానివి కాదు.”

పది నిమిషాల్లో మొగుడి ఫోను. పెళ్లానికి చెప్పాల్సింది మొగుడికి చెబితే సరిపోతుందని లోకం నమ్మకం.

“ఆయనతో నీకెందుకే? ఎక్కడికో బదిలీ చేస్తే ఇల్లెవరు చూస్తారు? ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోయింది?”

ఆమెకు ఒళ్లు మండింది. రేపు ఎవరి గోడ కూలినా, వాళ్లు మొరపెట్టుకోవడానికి సభ ఉండదు. పుస్తకంలో మాత్రం ఊరంతా ఒప్పుకున్నట్టే ఉంటుంది. అడక్కుండానే ఒప్పుకున్నదాని కింద జమకట్టేస్తే ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా?

“హాజరు ఆరుగురు. కోరం లేదు. సమావేశం జరగలేదు,” అని రాసింది. ఎవరూ ఏమీ ఇరికించకుండా కింది ఖాళీకి అడ్డంగా గీత కొట్టింది. సంతకం పెట్టి, రూలు ప్రకారం నకలు తీసుకెళ్లి నోటీసు బోర్డుకి అంటించింది.

ముసలి అటెండరు గుమ్మంలో నిలబడ్డాడు. “పుస్తకం ఇవ్వమ్మా, సంతకాలకి తిప్పుకొస్తా.”

“ఇకనుంచి పుస్తకం ఎవరింటికీ రాదు బాబాయ్. వాళ్లనే సభకి రమ్మను.”

బదిలీ కాగితం వస్తుందని ఆమెకు తెలుసు. రానీ. దాని కింద మాత్రం ఎవడో ఒకడు తన సొంత పేరుతో సంతకం పెట్టక తప్పదు.