ఐదు సూదిమందులూ, నా కొత్త తాళమూ

నేను ఒక మందుల ఫ్రిజ్‌ని. పెరుగు గిన్నె, నిన్నటి చారు దాచుకునే ఇంటి ఫ్రిజ్ అనుకునేరు, ఆ వంశం వేరు! పూణే దగ్గర ఒక ఫ్యాక్టరీలో రేకు వంచి, మోటారు బిగించి, తలుపుకి అంకెలు నొక్కే తాళం పెట్టి నన్ను మనిషిని చేశారు. జిల్లా గోదాములో ఎనిమిది నెలలు అట్టపెట్టెలోనే కునుకు తీశాను. ఎవరిదో సంతకం కావాలట. చివరికి గిద్దలూరు వైపు ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి చేరాను.

అక్కడ ఫార్మసిస్టు ఆంజనేయ ప్రసాదు నాకు యజమాని. మంచివాడే, జాగ్రత్త పాలు కాస్త ఎక్కువ. నా తాళం నంబరు ఒకటీ రెండూ మూడూ నాలుగు. అదీ మరిచిపోతారేమోనని గోడ క్యాలెండరు మీద రాసి పెట్టారు. టీకాలకొచ్చిన పిల్లలు కూడా దాన్ని పాటలా చదివేవారు.

ఆ వేసవిలో కాన్పయ్యాక రక్తం ఆపే సూదిమందుకు కరువొచ్చింది. మందు కావాలని ఎన్ని ఇండెంట్లు రాసి పంపినా ‘స్టాకు లేదు’ అనే ముక్కే తిరిగొచ్చేది. నా పై అరలో మిగిలినవి ఐదంటే ఐదు. పొరుగు ఆసుపత్రులవాళ్లు అడిగితే “మా దగ్గరా లేవు” అనేవాడు ప్రసాదు. వాళ్లూ ఐదో ఆరో దాచుకుని అదే మాట అనేవాళ్లు. ఇంతలో తనిఖీకొచ్చిన ఆఫీసరు క్యాలెండరు చూసి నెత్తి కొట్టుకున్నాడు, నంబరు మార్చమన్నాడు. ప్రసాదు మార్చేసి, బావమరిది నిశ్చితార్థానికి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం తిరుపాలమ్మకు కాన్పయింది. బిడ్డ కేరుమంది కానీ, తల్లికి రక్తం ఆగలేదు. నర్సు రూతమ్మ పరుగున వచ్చి పాత అంకెలే నొక్కింది. నేను తెరుచుకోలేదు. వెంటనే ఫోను చేసింది.

“ప్రసాదూ, నంబరు చెప్పు, తొందరగా!”

“కాగితం మీద రాసి భద్రంగా పెట్టినా సిస్టరమ్మా.”

“యాడ?”

“ఫ్రిజ్‌లోనే. మందు కింద.”

“నీకు గుర్తు లేదా?”

“గుర్తుండదనే గదా రాసి పెట్టింది!”

విలువైనదేదైనా బియ్యం డబ్బాలో దాచే ఇంట పుట్టాడు మరి.

“నీ తెలివి తెల్లారినట్టే ఉండాది!” అంటూ ఆయా ఖాసింబీ చీపురు పడేసి నా చుట్టూ తిరిగింది. ఆమె పెనిమిటి బీరువాలు బాగుచేసేవాడు. తాళం ముందువైపు పెట్టినవాళ్లు, పక్కన తలుపు బందుల స్క్రూలు బయటికే వదిలేశారు. స్క్రూడ్రైవరు తెచ్చి, నాలుగూ ఊడదీసి, తలుపు పెరికింది. నొప్పి పుట్టలేదంటే అబద్ధం. రూతమ్మ సూదిమందు అందుకుని ఉరికింది.

నా మోటారు కూడా ఊపిరి బిగబట్టినట్టయింది.

“ఏమైంది సిస్టరూ?” గుమ్మంలోంచి అడిగింది ఖాసింబీ.

“తగ్గుతాండాది... ఆ, ఆగిందే!”

మిగిలిన నాలుగూ మంచు డబ్బాలోకి సర్ది, రూతమ్మ పొరుగు ఆసుపత్రికి ఫోను చేసింది. “మా దగ్గర నాలుగుండాయి. అవసరమైతే అడగండి, దాచం.” అవతల ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు. తర్వాత, “మాకాడా ఆరుండాయిలే అక్కా.”

వారం తిరక్కముందే ఆఫీసరొచ్చాడు. “ప్రభుత్వ ఆస్తి తలుపు పీకిందెవరు?”

“నేనే సార్,” అంది ఖాసింబీ. “తలుపైతే మళ్లీ తెప్పించుకుంటాం. ఆ బిడ్డ తల్లినైతే యాడనుంచి తెస్తాం?”

ఆయన ఏమీ రాసుకోకుండానే పెన్ను మూశాడు.

ఊడిన తలుపు మళ్లీ సరిగా అతకలేదు. నా నుదుట ‘పనికిరాదు’ అని చీటీ అంటించి వెనక షెడ్డులో వేశారు. నాకేం బాధ లేదు. మొన్న ఒక పిల్లి వచ్చి నా కింది అరలో ఈనింది, మూడు కూనలు. తల్లీబిడ్డలు క్షేమం.